కుతుబ్ చూశారు సరే, ఇంటి పక్కది?

ఊరి నుంచి చుట్టాలు దిగితే ఢిల్లీలోని వసంత్ కుంజ్ తెలుగు కుటుంబాల ఆదివారం ఎలా గడుస్తుందో చెప్పేయొచ్చు. పొద్దున్నే కుతుబ్ మినార్, మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో బిర్యానీ, సాయంత్రం ఇండియా గేట్. 72.5 మీటర్ల మినార్ దగ్గర పిల్లలది ఒకటే పేచీ, పైకెక్కుతామని. కుదరదు. 1981 డిసెంబర్ 4న లోపలి మెట్లపై జరిగిన తొక్కిసలాటలో 45 మంది, ఎక్కువగా బడిపిల్లలే, మరణించారు. అప్పట్నుంచి సందర్శకులకు ఆ మెట్లు మూసేశారు.

మెట్ల సరదా తీరాలంటే అసలు వసంత్ కుంజ్ దాటక్కర్లేదు. మహిపాల్‌పూర్ రోడ్డు పక్కనే సుల్తాన్ గఢీ ఉంది. కుతుబ్ పై అంతస్తులు కట్టించిన ఇల్తుత్‌మిష్, 1229లో బెంగాల్‌లో కన్నుమూసిన పెద్ద కొడుకు నసీరుద్దీన్ మహమూద్ కోసం 1231లో కట్టించిన సమాధి ఇది. భారత్‌లో ఇస్లామిక్ స్మారక సమాధుల్లో ఇదే మొదటిదంటారు. ఈ కొడుకు బతికుంటే 1236లో రజియాకు గద్దె దక్కేదా అన్నది చరిత్ర విద్యార్థులకు ఆసక్తికరమైన ప్రశ్నే.

చూపులకిది సమాధిలా ఉండదు. ఎత్తైన గోడలు, మూలల్లో బురుజులతో చిన్న కోటను తలపిస్తుంది. గుమ్మటం లేదు. ఆవరణ మధ్యలో ఎనిమిది పలకల అరుగులాంటి కప్పు, దాని కింద నేలమాళిగలో సమాధి. లోపలికి దిగే మెట్లు ఇరుకు, వెలుతురూ అంతంతే. పెద్దవాళ్లు కాస్త జాగ్రత్తగా దిగాలి.

గురువారాలు చుట్టుపక్కల ఊళ్ల హిందువులు, ముస్లింలు ఇక్కడికి వచ్చి దీపాలు, అగరొత్తులు వెలిగిస్తారు. వాళ్లకు ఆయన యువరాజు కాదు, పీర్ బాబా.