ఏడాది సరుకుల కొనుగోళ్లు: అప్పు చేస్తే ఆదా హుళక్కి

విశాఖపట్నం: మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి పూర్ణా మార్కెట్టులో ఏడాది సరుకులకు గిరాకీ మొదలవుతుంది. కొత్త కందులు, ఎండుమిర్చి, చింతపండు ఇంచుమించు ఒకే కాలంలో దిగుతాయి. మిర్చికి గుంటూరు, చింతపండుకు పాడేరు, అరకు ఏజెన్సీ సంతలు, బెల్లానికి అనకాపల్లి ఆధారం. రాకడ ముమ్మరంగా వున్నప్పుడు కొని, వానలకు ముందే ఇంట భద్రపరచుకోవడం గృహస్థుల ఆనవాయితీ.

ఈ పద్ధతి కలిసివచ్చిన సంవత్సరాలున్నాయి. 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర అనేక నగరాలలో కిలో రూ. 200 దాకా ఎగబాకింది. వేసవిలోనే పప్పు దింపుకున్న ఇళ్లకు ఆ దెబ్బ తగలలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పాలు, కూరగాయల ధరలు మండిపోయాయి. డబ్బాలో వున్న బియ్యం, పప్పే అప్పుడు చాలా ఇళ్లను ఆదుకున్నాయి.

అయితే రేవు, ఉక్కు కర్మాగారం ఉద్యోగులున్న ఈ వూరు నెలజీతాల వూరు. ఒక్కసారిగా పెట్టుబడి పెట్టడం అందరికీ సాధ్యం కాదు. లెక్క కోసం, ఒక కుటుంబానికి ఏడాదికి 36 కిలోల కందిపప్పు కావాలనుకుందాం. సీజనులో కిలో రూ. 120, తరువాత రూ. 140 అయితే మిగులు రూ. 720. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, నెలనెలా తీర్చినా వడ్డీ సుమారు రూ. 562 అవుతుంది. రెండు కిలోలు పురుగుపట్టి మళ్లీ కొంటే మరో రూ. 280. మిగులు పోగా రూ. 122 ఎదురు నష్టం.

సముద్రపు తేమ మరో శత్రువు. పప్పు బాగా ఎండబెట్టి బిగుతు మూత డబ్బాలలో పోయాలి. చింతపండు గింజ, పీచు తీసి ఉప్పు కలిపి జాడీకెత్తాలి. బెల్లం చెమ్మగిలుతుంది కనుక రెండు మూడు నెలలకు మించి కొనకపోవడమే మేలు. అవసరానికి మించి నిల్వచేస్తే ధర పడినప్పుడు నష్టం తప్పదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి ధరలు పడిపోగా, కేంద్రం క్వింటాలుకు రూ. 11,781 చొప్పున మార్కెట్ జోక్య ధర ప్రకటించవలసి వచ్చింది.

వర్తకులకూ ఈ గిరాకీ ముఖ్యమే. 2023 జూన్‌లో కంది, మినుములపై కేంద్రం టోకు వర్తకునికి 200 టన్నులు, చిల్లర వర్తకునికి 5 టన్నుల నిల్వ పరిమితి విధించింది. సెప్టెంబరులో టోకు పరిమితిని 50 టన్నులకు కుదించింది. అటువంటి ఆంక్షలు వచ్చేలోగా సరుకు ఇళ్లకు చేరితే గోదాము బరువు, వడ్డీ భారం రెండూ తగ్గుతాయి. చేతి సొమ్ముతో ఒక ఏడాదికి సరిపడా మాత్రమే కొనే ఖాతాదారే ఇద్దరికీ క్షేమం.