తలకాయకు దెబ్బ తగిలినోనికి గ్లూకోజ్ పెట్టుమనకుండ్రి

బండి మీదికెళ్లి పడి తలకాయకు దెబ్బ తగిలిన పిలగాన్ని మనం ముందుగాల ఏడికి తీస్కపోతం? ఊర్లె సూదులేసే డాక్టర్ తానికి. ఆడ పదిమంది అడిగేది ఒక్కటే: "ఒక గ్లూకోజ్ ఎక్కియ్యి సారూ, జర బలమొస్తది." పదేండ్ల కింద మా వాడకట్టు పిలగాడు పడ్డప్పుడు నేను గూడ గట్లనే అడిగిన. పట్నం దవాఖానకు పోయినంక ఆడి డాక్టరమ్మ ఆ సీసా తీసి పక్కన పెట్టి, "ఇదెవరు పెట్టమన్నరు?" అని గరమైంది. నా మొకం మాడింది. ఆమె కోపమెందుకో తర్వాత చదువుకుంటే తెలిసింది.

అర లీటరు గ్లూకోజ్ సీసాల ఉండే చక్కెర 25 గ్రాములు. అంటే ఐదారు చెంచాలు. గదే మనమనుకునే బలం. ఒళ్లు ఆ చక్కెరను జల్దిన వాడుకుంటది. ఇగ మిగిలేది అర లీటరు ఉత్త నీళ్లు. ఆ నీళ్లు నెత్తుటిని పల్చగ జేస్తయి, ఉప్పు ఎక్కువున్న దిక్కుకు పోతయి. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట బయటికొస్తది గదా, గా లెక్కనే. నెత్తుట్ల ఉప్పు తగ్గి మెదడుల ఎక్కువుంటే నీళ్లు మెదడులకు గుంజుకపోతయి, మెదడు ఉబ్బుతది.

కాలు వాస్తే తోలు సాగుతది. పుర్రె సాగదు. ఆ డబ్బల మెదడు, నెత్తురు, మెదడు సుట్టు ఉండే నీరు, మూడే ఉంటయి. ఒకటి పెరిగితే మిగిలినయి తగ్గాలె. తగ్గే జాగ అయిపోయిందంటే మెదడు కిందికి నూకబడి ఊపిరి తీసే కాడ ఒత్తుతది. దెబ్బతోని బతికినోడు వాపుతోని పోయేది గిట్లనే.

ఇది కొత్త సంగతేం కాదు. 1919లనే అమెరికాల వీడ్, మెకిబెన్ అనే ఇద్దరు పిల్లుల మీద చేసి చూపెట్టిండ్రు. నరంలకు చిక్కటి ఉప్పునీళ్లు ఎక్కిస్తే మెదడు కుంచించుకపోయింది, ఉత్త నీళ్లు ఎక్కిస్తే ఉబ్బింది. ఇప్పుడు మెదడు ఆపరేషన్ల గూడ మత్తు డాక్టరు చూసేది గదే లెక్క. మన నెత్తుట్ల సోడియం లీటరుకు 135 నుంచి 145 దాకా ఉండాలె. నార్మల్ సెలైన్‌ల 154 ఉంటది, అందుకే ఎక్కువ దానికే మొగ్గు. రింగర్ లాక్టేట్‌ల 130 ఉంటది, అది ఎక్కువెక్కువ పోస్తే జర పల్చనైతది. పుర్రె తెరిచినంక మెదడు ఉబ్బి ఉంటే కత్తి పెట్టే జాగుండదు, అందుకే మన్నిటాల్ ఎక్కిస్తరు. చలికి దాంట్ల పలుకులు పడ్తయి, కరిగిచ్చి వాడుతరు. లేకుంటే 3 శాతం ఉప్పునీళ్లు. మన్నిటాల్ మెదడుల నీళ్లను గుంజి ఉచ్చ రూపంల పంపిస్తది. గంటల్ల సంచి నిండుతది.

"అట్లయితే నీళ్లు మొత్తానికే బంద్ పెడితే అయిపాయె గదా" అంటరేమో. ఒకప్పుడు డాక్టర్లు గూడ పేషెంటును ఎండబెట్టేటోళ్లు. అది తప్పని తేలింది. నీళ్లు తక్కువైతే బీపీ పడ్తది, మెదడుకు నెత్తురు అందదు. తలకాయ దెబ్బోళ్లకు పై బీపీ 90కి కిందికి పోతే చావు ముప్పు బాగ పెరుగుతది. అందుకే సరిపోను పోస్తరు, కాకపోతే ఉప్పున్నయి పోస్తరు. చక్కెర నిజంగ పడిపోయినోనికి గ్లూకోజ్ పెట్టాల్సిందే, అది వేరే ముచ్చట. వేలి మీద ఒక్క బొట్టు నెత్తురు తీసి చూస్తే నిమిషంల తెలుస్తది. చూడకుంట పెట్టుడే తప్పు.

ఇంకో భ్రమ, ఖరీదు సీసా మంచిదని. ఆల్బుమిన్ కోసం పుస్తెలు అమ్మినోళ్లను నేను చూసిన. 2007ల అచ్చయిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరిశోధనల, తలకాయ దెబ్బ తగిలినోళ్లల్ల ఆల్బుమిన్ ఎక్కిచ్చినోళ్లు రెండేండ్లల్ల నూటికి 33 మంది చనిపోయిండ్రు. మామూలు సెలైన్ ఎక్కిచ్చినోళ్లల్ల 20 మంది. అగ్గువ సెలైనే నయమాయె.

ఆపరేషన్ అయినంక గూడ ఈ లెక్క నడుస్తనే ఉంటది. పిట్యూటరీ గ్రంథి ఆపరేషన్ అయినోళ్లకు కొందరికి ఉచ్చ లీటర్లకు లీటర్లు పోయి సోడియం ఎగబాకుతది. ఇంకొందరికి ఒంట్లనే నీళ్లు నిలబడి సోడియం పడిపోతది, మనిషి మబ్బుగ అయితడు, ఫిట్స్ వస్తయి. పడ్డదాన్ని జల్ది పెంచినా ప్రమాదమే, నరాల పొరలు దెబ్బతింటయి. అందుకే పెరుగుడు రోజుకు 8, 10 దాటకుంట చూస్తరు. గందుకే సిస్టరమ్మ ప్రతి గిలాస నీళ్లు, ప్రతి సంచి ఉచ్చ రాస్కుంటది. "పాపం, నోరెండుతుంది" అని మనం సాటుంగ కొబ్బరినీళ్లు తాపితే ఆమె లెక్క తప్పుతది. సంచి మనమే ఒంపేసినా అంతే.

ఊర్ల డాక్టర్‌నొక్కన్నే తిట్టి లాభం లేదు, సీసా అడిగింది మనం. రేపు ఎవలన్న పడితే ఆయన తాన గంట కూసోకుంట 108కి ఫోన్ చేయుండ్రి, మెడ కదలకుంట పండబెట్టుండ్రి, నోట్లె నీళ్లు పోయకుండ్రి. దవాఖాన్ల "సోడియం ఎంతుంది సారూ?" అని అడుగుండ్రి. మీ మండలం దవాఖాన్ల ఆ పరీక్ష చేస్తరా లేదా, రేపే పోయి చూసి రాండ్రి.