ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఎలా బతుకుతుంది? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చరిత్ర

ఆటల గంట కొట్టగానే మన హాస్టల్లో ఎక్కువ మంది క్రికెట్ బ్యాటు వైపు పరుగెత్తుతారు. మిగిలిన వాళ్ళు కబడ్డీకో, వాలీబాల్‌కో వెళతారు. ఫుట్‌బాల్ గురించి అడిగితే మెస్సీ, రొనాల్డో, ఎంబాపే పేర్లు వినిపిస్తాయి. అది విదేశాల వాళ్ళ ఆట అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. కానీ 1950లలో భారతదేశంలో అందరికంటే గొప్ప ఫుట్‌బాల్ జట్లలో ఒకటి మన హైదరాబాద్ జట్టు. దాన్ని తీర్చిదిద్దినవాడు ఒక బడిపంతులు. ఆ జట్టు ఎలా ఎదిగింది, ఎందుకు మరుగున పడింది అనే విషయం మనలాంటి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి.

క్లబ్ అంటే ఏమిటి?

దేశం తరఫున ఆడే జట్టు వేరు, క్లబ్ జట్టు వేరు. దేశం జట్టు కొన్ని పోటీల కోసం కలుస్తుంది, పోటీలు అయిపోగానే విడిపోతుంది. క్లబ్ అలా కాదు. దానికి ఒక ఊరు, ఒక మైదానం, ఒక శిక్షకుడు, ఆటగాళ్ళను పోషించే ఒక ఆధారం ఉండాలి. సంవత్సరం పొడవునా సాధన జరగాలి. పాత ఆటగాళ్ళు తప్పుకుంటుంటే కొత్తవాళ్ళు వచ్చి చేరుతుండాలి. కావున క్లబ్ చరిత్ర అంటే గెలిచిన కప్పుల జాబితా మాత్రమే కాదు. ఆ ఆధారాన్ని ఎవరు నిలబెట్టారు, ఎవరు వదిలేశారు అన్నదే అసలు చరిత్ర.

యూరప్ దేశాల్లో ఆ ఆధారం టికెట్ల మీద, కంపెనీల మీద, పట్టణాల మీద నిలబడింది. ఫ్రాన్స్‌లో 1932 నుంచే ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఆడించే వృత్తి ఫుట్‌బాల్ మొదలైంది. మన దేశంలో ఆ రోజుల్లో అలాంటి పద్ధతి లేదు. మన దగ్గర ఆధారం ప్రభుత్వ ఉద్యోగమే. రైల్వే, సైన్యం, పోలీసు శాఖలు మంచి ఆటగాడికి ఉద్యోగం ఇచ్చేవి. అతను జీతం తీసుకుంటూ శాఖ తరఫున ఆడేవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అలా పుట్టినదే. పేద ఇంటి కుర్రాడికి ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఆట ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే దారి కూడా.

పంతులుగారి పాఠం

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. వృత్తి ఉపాధ్యాయుడు. నగరంలోని పలు పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. అందుకే ఆటగాళ్ళు, అభిమానులు అందరూ ఆయన్ని 'రహీం సాబ్' అని గౌరవంగా పిలిచేవారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. అప్పటి నుంచి 1963లో మరణించే వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. అదే కాలంలో భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు.

రహీం సాబ్ శిక్షణలో ప్రత్యేకత ఏమిటి? అప్పట్లో మన ఆటగాళ్ళలో చాలామంది బంతి దొరకగానే ఒక్కరే ఎదుటివాళ్ళను తప్పించుకుంటూ ముందుకు ఉరికేవారు. చూడటానికి బాగుండేది గాని జట్టుకు లాభం తక్కువ. రహీం సాబ్ కుర్రాళ్ళకు వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒంటరిగా తీసుకుపోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాడు కుడి కాలితో తన్నాలి. వీటి వల్ల రెండు కాళ్ళూ సమానంగా పనిచేయడం, బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో ఆలోచించడం అలవాటయ్యేది. ఎక్కాలు నేర్పే పంతులు పిల్లల్ని ముందు నుంచీ, వెనక నుంచీ అడిగినట్టే ఇదీ.

ఐదేళ్ళు, ఐదు కప్పులు

ఆ రోజుల్లో దేశంలో పేరున్న పోటీలు కొన్ని ఉండేవి. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో సైనికుల కోసం మొదలైంది. రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలైంది. ఈ పోటీల్లో కలకత్తా జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే మిగతావాళ్ళకు హడల్.

రహీం సాబ్ వచ్చిన 1950లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. 1951లో గెలిచింది. 1952లో, 1953లో, 1954లో కూడా గెలిచింది. వరుసగా ఐదేళ్ళు ఒకే కప్పు! డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకుంది. మళ్ళీ 1954లో, 1957లో గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా రెండుసార్లు సాధించింది. రాష్ట్రాలు మారాక పోలీసు జట్టు పేరు కూడా మారింది. 1961లో డ్యూరాండ్ కప్ గెలిచినప్పుడు అది ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు.

అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్ళు ఈ జట్టు నుంచే దేశానికి అందారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా రహీం సాబ్ కంట పడ్డాడు. అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి అతని దగ్గర డబ్బుల్లేకపోతే రహీం సాబే సైకిల్ అద్దెకు సాయం చేశారు. ఆ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడి, అర్జున అవార్డు అందుకున్నాడు. ఒక సైకిల్ అద్దె దేశానికి ఎంత లాభం తెచ్చిందో గమనించండి.

మెల్బోర్న్ నుంచి జకార్తా దాకా

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మన ఆటగాళ్ళలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్ళకే ఫలితం కనిపించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన వాళ్ళు చాలామంది ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచారు. నేడు రెండు ప్రపంచ కప్పులు ఉన్న ఫ్రాన్స్‌తో!

1962లో జకార్తా ఆసియా క్రీడలు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి రెండోసారి బంగారు పతకం గెలిచింది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పురుషుల జట్టు మళ్ళీ బంగారు పతకం ముఖం చూడలేదు. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది.

విత్తనం దాచుకోని పంట

ఇంత గొప్ప జట్టు ఎందుకు మరుగున పడింది? మన ఆర్మూర్, మాక్లూర్ ప్రాంతంలో పసుపు పండించే ఏ రైతునడిగినా ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ధర ఎంత బాగున్నా రైతు పసుపంతా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడు. వచ్చే వానాకాలానికి విత్తనం పక్కకు తీసి, నీడన జాగ్రత్త చేస్తాడు. విత్తనం కూడా అమ్ముకుంటే ఆ ఏడాది చేతి నిండా డబ్బు ఉంటుంది గాని మరుసటి ఏడాది చేను ఖాళీ.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అదే జరిగింది. మన ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు ఆహ్వానించాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్ వంటి మేటి ఆటగాళ్ళూ అక్కడే పేరు తెచ్చుకున్నారు. నయీముద్దీన్ నాయకత్వంలోనే 1970 ఆసియా క్రీడల్లో భారత్ కాంస్య పతకం గెలిచింది. 1977లో ప్రపంచ ప్రసిద్ధుడు పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గా సమానంగా నిలిచినప్పుడు హబీబ్ ఆ జట్టులో ఉన్నాడు. ఆటగాళ్ళు వెళ్ళడం తప్పు కాదు. మంచి అవకాశం ఎవరికి వచ్చినా వెళతారు. కానీ వెళ్ళినవాళ్ళ చోట్లో కొత్తవాళ్ళను తయారుచేసే పని రహీం సాబ్‌తోనే ఆగిపోయింది. బడి పిల్లలకు ఆయన పెట్టినటువంటి పోటీలు తగ్గాయి. నగరం పెరిగి మైదానాలు కుంచించుకుపోయాయి. 1983లో ప్రపంచ కప్ గెలిచాక పిల్లల మనసు క్రికెట్ వైపు మళ్ళింది.

ఫ్రాన్స్‌లో ఒక చిన్న పట్టణం

విత్తనం దాచుకున్న క్లబ్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని ఓసెర్ అనే పట్టణాన్ని చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన నిజామాబాద్ నగర జనాభా 3 లక్షలు దాటింది. ఓసెర్ జనాభా సుమారు 35 వేలు. అక్కడ 1905లో దెషాం అనే మతగురువు యువకుల కోసం ఒక క్లబ్ పెట్టాడు. చాలా కాలం అది చిన్న పోటీలకే పరిమితమైంది. 1961లో గీ రూ అనే యువకుడు శిక్షకుడుగా వచ్చాడు. మధ్యలో కొద్దికాలం తప్ప 2005 వరకు ఆయనే శిక్షకుడు. పెద్ద క్లబ్బుల్లాగా ఆటగాళ్ళను కొనే డబ్బు ఆయన దగ్గర లేదు. అందుకే చిన్న వయసు పిల్లల్ని చేరదీసి, అక్కడే ఉంచి, తిండి పెట్టి, చదువుతో పాటు ఆట నేర్పించాడు. ఒక రకంగా అదీ మనలాంటి హాస్టలే! ఎరిక్ కాంటొనా వంటి గొప్ప ఆటగాడు అక్కడి నుంచే వచ్చాడు. 1980లో ఆ క్లబ్ మొదటి శ్రేణికి చేరింది. 1996లో ఏకంగా ఫ్రాన్స్ విజేత అయింది.

రహీం సాబ్‌కూ గీ రూకూ ఆలోచనలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వాళ్ళ వెనుక నిలిచిన ఏర్పాటులో ఉంది. ఫ్రాన్స్‌లో 1970ల నుంచి వృత్తి క్లబ్బులు పిల్లల శిక్షణ కేంద్రాలు నడపాలని నిబంధన పెట్టారు. ఒక మనిషి వెళ్ళిపోయినా పని ఆగలేదు. మన దగ్గర మనిషితో పాటే పని ఆగిపోయింది.

డబ్బు ఒక్కటే చాలదు

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే వృత్తి క్లబ్ ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి విజేత అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అయితే రెండేళ్ళు తిరిగేసరికి డబ్బు కష్టాలు వచ్చి ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. సిటీ పోలీస్ జట్టు కోచ్ పోయాక వాడిపోయింది. ఈ జట్టు యజమాని డబ్బు ఆగగానే ఊరే వదిలేసింది. రెండూ నేర్పే పాఠం ఒక్కటే. కింద బడి పిల్లల ఆట లేకపోతే పైన ఏ క్లబ్ నిలవదు.

మన వంతు

ఈ కథ హైదరాబాద్‌తో అయిపోలేదు. మన నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్ళింది. ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి, 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. బలరాం వెళ్ళిన ఈస్ట్ బెంగాల్‌కే మన జిల్లా ఆడబిడ్డ కూడా వెళ్ళింది! ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఎందుకు అనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మిత్రులారా! ఫుట్‌బాల్‌కు ప్యాడ్లు, బ్యాట్లు అక్కర్లేదు. ఒక బంతి, నాలుగు కర్రలు, కొంచెం జాగా చాలు. వారంలో ఒకరోజు రహీం సాబ్ పద్ధతిలో అలవాటు లేని కాలితోనే ఆడి చూడండి. మొదటి రోజు నవ్వులాటగా ఉంటుంది. నెల రోజులకు తేడా మీకే తెలుస్తుంది. స్కూల్ గేమ్స్ పోటీలు ఉన్నాయి. పాఠశాల జట్ల కోసం 1960 నుంచి సుబ్రతో కప్ జరుగుతోంది. వాటిలో పేరు ఇవ్వండి. పదో తరగతి అయిపోయి హాస్టల్ వదిలి వెళ్ళే అన్నలు, అక్కలు వెళ్ళేముందు ఆరో తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తమకు వచ్చిన ఆట నేర్పి వెళ్ళాలి. విత్తనం దాచుకోవడం అంటే అదే.