దవాఖానలో డాక్టరు, నర్సే కాదు: 6, 7, 8 తరగతుల పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే పిల్లలు డాక్టర్ అంటారు, లేదంటే నర్స్ అంటారు. వాళ్లకు కనిపించేది ఆ ఇద్దరే. రక్తం పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్, మందులిచ్చే ఫార్మసిస్టు, ఎక్స్‌రే తీసేవాళ్లు, ఇంటింటికీ వచ్చే ఏఎన్ఎం కూడా అందుకు తగిన చదువు చదివే ఆ కొలువుల్లో చేరారు. ఈ సంగతి పిల్లలకు చిన్న తరగతుల్లోనే తెలియాలి.

ఇందుకు విడిగా దరఖాస్తు పెట్టే పని లేదు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇస్తారు. వారానికి ఒక గంట ఆరోగ్య పాఠం ఉండాలి. జాతీయ విద్యా విధానం 6–8 తరగతుల వాళ్లకు 10 బ్యాగు లేని రోజులు పెట్టమంది. ఆ రోజుల్లో గానీ, బడి అయ్యాక గానీ పీహెచ్‌సీ చూపించమని బడి కమిటీ సమావేశంలో మీరే అడగొచ్చు.

పిల్లలను పరీక్షించడానికి ఆర్‌బీఎస్‌కే బండి బడికే వస్తుంది కదా. అందులో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్ఎం ఉండాలి. ఏం చదివితే ఈ పని వచ్చిందని వాళ్లను అడగమని మీ పిల్లలకు చెప్పి పంపండి. పది పాఠాల కన్నా ఆ ఒక్క జవాబు ఎక్కువ గుర్తుంటుంది.

సాయంత్రం ఉంచుతామంటే ఎన్నింటికి వదులుతారో, ఇంటిదాకా ఎవరు తోడు వస్తారో ముందే అడగండి. ఆడపిల్లల విషయంలో మొహమాటం వద్దు. పిల్లలు చూడటానికే వెళ్తారు. సూదులు, రక్తం సీసాలు ముట్టుకోనివ్వకూడదు.

అసలు చిక్కు పదో తరగతి అయ్యాక వస్తుంది. దోస్తులు తీసుకున్నారని ఏదో ఒక గ్రూపు తీసుకుంటే కొన్ని దారులు మూసుకుపోతాయి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ తప్పనిసరి. ఎంబీబీఎస్‌కు బైపీసీతో పాటు నీట్ రాయాలి. డి.ఫార్మసీకి బైపీసీ అయినా, ఎంపీసీ అయినా సరిపోతుంది. ఏఎన్ఎం రెండేళ్ల కోర్సుకు ఇంటర్‌లో ఆర్ట్స్ చదివిన వాళ్లూ అర్హులే. మూడేళ్ల జీఎన్ఎంకు సైన్సు ఉంటే మేలు. ఏఎన్ఎం పాసై రిజిస్టర్ అయిన వాళ్లు కూడా అందులో చేరొచ్చు. అంటే ముందు చిన్న కోర్సు చేసి, తర్వాత పైకి చదవొచ్చన్నమాట.

ఇంకొక మాట. "ఆరు నెలల్లో నర్సు, ఉద్యోగం గ్యారంటీ" అనే బోర్డులు చూసి డబ్బులు కట్టకండి. ఆరు నెలల్లో ఎవరూ నర్సు కాలేరు. నర్సింగ్ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ల్యాబ్ టెక్నీషియన్ లాంటి కోర్సులకు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, సర్కారు కొలువుకు పనికిరాదు. కాలేజీ పేరు గుర్తింపు జాబితాలో ఉందో లేదో ఫోన్‌లో చూడటం రాకపోతే మీ పీహెచ్‌సీలో నర్సును అడగండి. మొదటి ఫీజు కట్టక ముందే అడగాలి.