బస్తర్ ఇనుము, పాత రాచెట్ పానా

ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాలు కనుక ఆ కొండలకు బైలదిల్లా అని పేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, నేటి దంతెవాడ జిల్లాలో ఉన్న ఈ కొండలపై 1968లో కిరండూల్ వద్ద, 1977లో బచేలి వద్ద జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇనుప ఖనిజం ఉత్పత్తి ప్రారంభించింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేరవేయడానికే తూర్పు కనుమలను తొలిచి, 58 సొరంగాలతో కొత్తవలస - కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. అరకు అందాలు చూడడానికి ఆ రైలెక్కే మన యాత్రికుల్లో చాలామందికి అది ఖనిజం కోసం వేసిన దారి అన్న సంగతి స్ఫురించదు.

ఖనిజం దిగిన దారినే యంత్రాలు పైకెక్కాయి. గనుల్లో తవ్వే షవెళ్లు, మోసే డంపర్లు, వాటికి సరకులందించే లారీలు - ఇవన్నీ వేలాది నట్లు, బోల్టుల మీద నిలబడి ఉండేవే. వాటిని బిగించడానికి, విప్పడానికి వచ్చిన పనిముట్లలో రాచెట్ పానా ఒకటి. షోరూమ్‌లో మెరిసే కొత్త రాచెట్ల గురించి కాక, మూడు, నాలుగు దశాబ్దాలు నూనెలో, మసిలో నలిగి, తుప్పు పట్టి మూలన పడిన పాత రాచెట్ల గురించి ఇక్కడ చెప్పుకోవలసిన విషయం ఉంది. అవి మరమ్మతుకు లొంగుతాయి. సక్రమంగా బాగుచేస్తే మరో తరానికి పనికొస్తాయి. అంతేకాక, ఇనుము పుట్టిన గడ్డకు పనిముట్టు ఎందుకు బయటి నుంచి రావలసి వచ్చిందన్న ప్రశ్నను కూడా అవి మన ముందుంచుతాయి.

రాచెట్ పనిచేసే తీరు సులభగ్రాహ్యమే. దాని తలలో ఒక పళ్ల చక్రం ఉంటుంది. స్ప్రింగు నెట్టుతూ ఉండే చిన్న నాలుక ఆ పళ్లలో చిక్కుకుంటుంది. పిడిని ఒక వైపు తిప్పితే నాలుక చక్రాన్ని పట్టుకుని నట్టును తిప్పుతుంది. వెనక్కు తిప్పితే పళ్ల మీదుగా జారిపోతుంది. గోడ గడియారానికి కీ ఇచ్చేటప్పుడు వినిపించే కటకట శబ్దం ఇలాంటిదే. చేయి పూర్తిగా తిరగని ఇరుకు చోట పానాను ప్రతిసారీ తీసి పెట్టనక్కరలేకపోవడమే దీని గొప్పతనం. నట్టుకు తొడిగే సాకెట్‌ను హిందీ ప్రాంతపు మెకానిక్‌లు గోటీ అంటారు.

1863లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జె.జె.రిచర్డ్‌సన్ సాకెట్లతో పనిచేసే రాచెట్ పానాకు పేటెంట్ పొందారు. 1920లో జోసెఫ్ జాన్సన్, విలియం సైడెమన్ ఐదు పిడులకు పది సాకెట్లను మార్చి మార్చి తగిలించే పద్ధతితో వ్యాపారం ప్రారంభించారు. స్నాప్-ఆన్ సంస్థ ఆ విధంగా పుట్టినదే. మోటారు వాహనాలు పెరిగేకొద్దీ రాచెట్ లేని వర్క్‌షాపు లేకుండా పోయింది.

ఈ చరిత్రలో ఒక వ్యాజ్యం కూడా ఉంది. సియర్స్ సంస్థకు చెందిన దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్న పీటర్ రాబర్ట్స్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు 1960 దశకంలో, బొటనవేలితో మీట నొక్కగానే సాకెట్ ఊడివచ్చే రాచెట్‌ను రూపొందించారు. సంస్థ ఆయనకు రాయల్టీ కింద చెల్లించిన మొత్తం 10,000 డాలర్లకు మించలేదు. ఆ రాచెట్లు మాత్రం లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. వాటి విలువను తన వద్ద దాచిపెట్టారంటూ ఆయన 1969లో దావా వేయగా, ఇరవై ఏళ్ల న్యాయపోరాటం తర్వాత 1989లో 82 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. చిన్న మీటలో ఎంత సొమ్ము దాగి ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పాత రాచెట్లు సేకరించాలనుకునేవారు ముందుగా చూడవలసినది పిడి మీది అక్షరాలు. తయారీ సంస్థ పేరు, ఊరు, పేటెంట్ సంఖ్య ఉంటే కాలాన్ని అంచనా వేయవచ్చు. రెంషైడ్ అని ఉంటే జర్మనీది. గెడోర్ పేరుతో ఫరీదాబాద్‌లో తయారైనవీ మనదేశపు వర్క్‌షాపుల్లో విస్తారంగా వాడుకలో ఉండేవి. తర్వాత చూడవలసినది చదరపు మొన కొలత. పావు అంగుళం, మూడు బై ఎనిమిది, అర అంగుళం మొనలు వాహనాలకు సరిపోతాయి. ముప్పావు, ఒక అంగుళం మొనలవి గనుల యంత్రాల వంటి భారీ పనులకు ఉద్దేశించినవి. ప్రపంచమంతటా మొన కొలత నేటికీ అంగుళాల్లోనే ఉండడం వల్ల యాభై ఏళ్ల నాటి రాచెట్‌కు నిన్న కొన్న సాకెట్ నిక్షేపంగా అమరుతుంది. పాత సరకు పనికిరాదనే వాదనకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

సాకెట్ల విషయంలో మాత్రం తికమక తప్పదు. మనదేశంలో మూడు కొలతల పద్ధతులు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. బ్రిటిష్ కాలపు విట్‌వర్త్ సాకెట్ మీద అర అంగుళం అని ఉంటే అది నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. అమెరికా పద్ధతిలో అదే అంకె నట్టు ముఖాల మధ్య దూరాన్ని సూచిస్తుంది. ఈ తేడా ఎరుగక విట్‌వర్త్ సాకెట్‌ను అమెరికన్ నట్టుకు తొడిగితే వదులై నట్టు మూలలు అరిగిపోతాయి. 1954లో టాటా సంస్థ జర్మన్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించడంతో మిల్లీమీటర్ల నట్లు రోడ్డెక్కాయి. లేలాండ్ లారీలు అంగుళాలతోనే చాలాకాలం నడిచాయి. ఈ రెండింటినీ బాగుచేసిన పాతతరం మెకానిక్ పెట్టెలో రెండు వరుసల సాకెట్లు ఉండడం అందువల్లనే.

ఇక బాగుచేయడం. తుప్పు పట్టిన రాచెట్‌ను సుత్తితో కొట్టి కదిలించబోవడం మొదటి పొరపాటు. ఒక రాత్రి కిరోసిన్‌లో నానబెట్టాలి. మర్నాడు మూత స్క్రూలు, లేదా బిగింపు రింగు తీసేటప్పుడు తలను గుడ్డలో చుట్టి తీయడం మంచిది. లేకుంటే లోపలి స్ప్రింగు, ఆవగింజంత ఉక్కు గుండు ఎగిరి ఎక్కడ పడతాయో దేవుడికే తెలియాలి. నాలుక అంచు, చక్రం పళ్లు పదునుగా ఉన్నాయా అని చూడాలి. చాలా సందర్భాల్లో పళ్లు బాగానే ఉంటాయి. గట్టిపడిన గ్రీజు వల్ల నాలుక కదలక జారుతూ ఉంటుంది. అలాంటి వాటికి కావలసినది కేవలం శుభ్రం చేయడమే. స్ప్రింగు విరిగితే బాల్‌పెన్ స్ప్రింగు ముక్క కత్తిరించి పెట్టి పని గడుపుకునేవారున్నారు.

పూత లేని ఉక్కు మీది తుప్పుకు వెనిగర్ చాలు. కొన్ని గంటలు ఉంచి, నీటితో కడిగి, సోడా నీటిలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. క్రోమియం పూత ఊడుతున్న వాటిని వెనిగర్‌లో వేయకూడదు. అది పూత కిందికి పాకి మిగిలిన దాన్నీ లేపేస్తుంది. వాటికి ఇత్తడి బ్రష్షు, ఓపిక తప్ప మార్గాంతరం లేదు. చాకలి సోడా కలిపిన నీటిలో 12 వోల్టుల ఛార్జరుతో విద్యుత్తు పంపి తుప్పు వదిలించే పద్ధతిలో పనిముట్టును రుణ ధ్రువానికి, మామూలు ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలపాలి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషతుల్యమైన క్రోమియం లవణాలు ఏర్పడతాయి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక తలుపులు మూసిన గదిలో ఈ పని కూడదు.

చేయకూడని మరో పని, నిప్పులో పెట్టడం. ఇక్కడే బస్తర్ కమ్మరుల ప్రస్తావన వస్తుంది. ఈ ప్రాంతానికి ఇనుప పని గనులతోపాటు వచ్చింది కాదు. కొండగావ్ పరిసరాల్లోని లోహార్లు తరతరాలుగా గొడ్డళ్లు, కత్తులు, సేద్యపు పనిముట్లు, దీపపు కంబాలు సాగగొడుతున్నారు. పాత ఇనుమును బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతోనే రూపుదిద్దే వారి కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. వారి చేతిలో నిప్పు ప్రాణం పోస్తుంది. రాచెట్ విషయంలో అదే నిప్పు ప్రాణం తీస్తుంది. పళ్ల చక్రానికి, నాలుకకు కర్మాగారంలో నిర్ణీత ఉష్ణోగ్రతల వద్ద కాఠిన్యం కల్పిస్తారు. ఎర్రగా కాల్చి చల్లారనిస్తే ఆ కాఠిన్యం పోయి, మొదటి గట్టి బిగింపుకే పళ్లు నలిగిపోతాయి. అప్పుడు జారే పానా వల్ల వేళ్ల కణుపులు చిట్లడం ఖాయం.

తిరిగి బిగించేటప్పుడు పలుచని నూనె రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. వాడుకలోనూ ఒక నియమం ఉంది. మొండికేసిన బోల్టును ముందుగా పొడవాటి బ్రేకర్ బారుతో కదిలించి, ఆ తర్వాతే రాచెట్ పట్టాలి. పిడికి ఇనుప గొట్టం తొడిగి బలం ప్రయోగించేవారు ఎంత నిపుణులైనా ఏదో ఒక రోజు రాచెట్‌ను పోగొట్టుకుంటారు. 24 పళ్ల పాత రాచెట్ ఒక్కో పన్నుకు 15 డిగ్రీలు తిరగాలి. 72 పళ్ల కొత్త దానికి 5 డిగ్రీలు చాలు. ఇరుకులో కొత్తదే మేలని ఒప్పుకోవలసిందే. మోటు పనికి మాత్రం లావుపాటి పళ్లున్న పాతదే నమ్మకమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవారు ఉండవచ్చు. కొనే పానా ఎక్కడిదన్నదే ప్రశ్న. జలంధర్, లూధియానా, నాగౌర్ వంటి కేంద్రాలు మనకున్నా, నీతి ఆయోగ్ 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం చేతి పనిముట్ల ప్రపంచ వాణిజ్యంలో మనదేశం వాటా 1.8 శాతం మాత్రమే. ఎగుమతుల విలువ సుమారు 60 కోట్ల డాలర్లు. చైనా వాటా దాదాపు సగం. చైనాతో పోలిస్తే మన ఉత్పత్తిదారుల ఖర్చు 14 నుంచి 17 శాతం ఎక్కువని, ముడిసరకుల ధరలు అందుకు ఒక కారణమని ఆ నివేదిక పేర్కొన్నది. ఇనుప ఖనిజాన్ని దశాబ్దాల పాటు ఓడలకెత్తిన దేశానికి ఉక్కు ధర భారం కావడం విచిత్రమే.

బస్తర్‌లో ఇప్పుడు ఉక్కు కర్మాగారం ఉంది. జగదల్‌పూర్ సమీపంలోని నగర్నార్‌లో 23,800 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో, ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ప్లాంటును 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. అయితే అక్కడ తయారయ్యేది హాట్ రోల్డ్ కాయిల్, అంటే చుట్టలుగా చుట్టిన ఉక్కు రేకు. పానాలకు కావలసినది క్రోమియం, వెనేడియం వంటి లోహాలు కలిపిన ఉక్కు కడ్డీ. కడ్డీలు, రౌండ్లు తయారుచేసేది బైలదిల్లా ఖనిజాన్నే వాడుకునే విశాఖ ఉక్కు కర్మాగారం. ఆ రౌండ్లకు తగిన లోహాలు కలిపి, పానాలుగా సాగగొట్టే చిన్న పరిశ్రమలను విశాఖ - జగదల్‌పూర్ రైలు దారి వెంట ప్రోత్సహించే ఆలోచన చేయదగినదే.

మరమ్మతుదారుల సంగతి అంతకంటె ఉపేక్షకు గురైంది. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరికి, సుత్తి - పనిముట్లు చేసేవారికి చోటు దక్కింది. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం ఇస్తారు. మెకానిక్ ఆ జాబితాలో లేడు. అతడు ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ పెట్టే రాచెట్ పూర్తిగా పాడైతే పాత ఇనుము దుకాణానికే చేరుతుంది. అర అంగుళం మొనది సుమారు అరకిలో తూగుతుంది. పళ్లు బాగున్నదానికీ, నలిగినదానికీ అక్కడ ఒకటే ధర కట్టి, కిలోల లెక్కన తూకం వేస్తారు.