నొప్పులతో వచ్చిన తల్లికి హెచ్‌ఐవీ పరీక్ష

గర్భిణికి తొలి నెలల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేయాలన్నది మన దేశంలో పాటిస్తున్న పద్ధతి. అయినా ఏ పరీక్షా చేయించుకోకుండా, నొప్పులు మొదలయ్యాక నేరుగా కాన్పుల వార్డుకు చేరే స్త్రీలు ఉంటారు. ఊళ్లు మారే వలస కూలీలే ఇందుకు ఉదాహరణ. అలాంటివారికి అప్పటికప్పుడు అక్కడే పరీక్ష చేయాలి.

వేలికొన గుచ్చి, నెత్తుటి చుక్కను కిట్‌పై వేస్తే అరగంటలోపే ఫలితం తెలుస్తుంది. అది ప్రాథమిక ఫలితమే. నిర్ధారణ పరీక్షలు తర్వాత జరుగుతాయి. ఫలితం పాజిటివ్‌గా ఉంటే నిర్ధారణ కోసం ఆగకుండా తల్లికి మందులు మొదలుపెడతారు. ఈ తొందర అవసరమే. చికిత్స ఏదీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గర్భం నుంచే మందులు వాడితే 5 శాతం లోపుకు తగ్గుతుంది. కాన్పు వేళకు తెలిసినా బిడ్డను కాపాడే వీలుంది. పుట్టగానే బిడ్డకు నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి కనీసం 6 వారాలు పట్టిస్తారు. ఆరో వారంలో మడమ నుంచి నెత్తుటి చుక్కలు తీసి బిడ్డకూ పరీక్ష చేస్తారు.

అసలు కష్టం అనుమతి దగ్గర ఉంది. నొప్పులు పడుతున్న మనిషికి హడావుడిగా చెబితే ఏం అర్థమవుతుంది? నొప్పి తెరిపి ఇచ్చినప్పుడు, బంధువులు పక్కన లేకుండా, నాలుగు మాటల్లో నెమ్మదిగా చెప్పాలి. కాన్పు తర్వాత మళ్లీ కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. కేస్‌షీటుపై అందరికీ కనబడేలా ఫలితం రాయడం క్షమించరాని తప్పు. పరీక్ష చేయించుకుంటేనే వైద్యం చేస్తామనడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది.