కార్బురేటర్‌ను తిట్టకండి.. ముందు గొట్టం చూడండి!

పాత మారుతి, ఓమ్ని మొరాయిస్తే ఎక్కడ మొదలెట్టాలి?

హోసూరు: తెల్లవారుజామున బాగలూరు తోటల నుంచి గులాబీ బుట్టలు ఎక్కించుకున్న ఓమ్ని. తాళం నాలుగుసార్లు తిప్పినా పలకదు. చోక్ లాగితే అందుకుంటుంది, వదిలితే ఆగిపోతుంది. ఎలాగోలా షెడ్డు దాకా నెట్టుకెళ్తే అక్కడ వినిపించే మొదటి మాట.. ‘‘కార్బురేటర్ పోయిందన్నా, మార్చాల్సిందే.’’ వేలకు వేలు పోసి మారుస్తారు. వారం తిరక్కుండా మళ్లీ అదే రోగం. ఎందుకంటే చాలాసార్లు జబ్బు కార్బురేటర్‌లో ఉండదు. పది రూపాయల గొట్టంలోనో, పాచిపట్టిన ప్లగ్గులోనో ఉంటుంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఓమ్ని 2019లో సెలవు తీసుకుంది. రెండింటిలోనూ ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజినే. 2000 ప్రాంతం నుంచి కంప్యూటరుతో నడిచే ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంతకుముందువన్నీ కార్బురేటర్ బండ్లే. హోసూరు, సూళగిరి, వేపనపల్లి, కృష్ణగిరి వైపు ఊళ్లలో ఇవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కొత్త కారు కొనే స్తోమత లేక కొందరు, నాయన కొన్న బండిని అమ్మబుద్ధి కాక కొందరు ఉంచుకున్నారు.

అయితే ఉంచుకోవడం ఇప్పుడు ఖరీదైన పనే. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో రూ.5 వేల నుంచి రూ.10 వేలకు పెంచింది. అంత కట్టాక బండి దారిలో ఆగిపోతే ఎలా? అందుకే షెడ్డుకు వెళ్లేముందు యజమానికి కొన్ని సంగతులు తెలిసుండాలి.

ముందు నిప్పు, తర్వాతే పెట్రోలు

ఇంజిను నడవాలంటే మూడు కావాలి. నిప్పురవ్వ, గాలి, పెట్రోలు. వెతకాల్సిన వరుస కూడా అదే. మొదట మూడు ప్లగ్గులూ విప్పి కొనలు చూడాలి. ఇటుకపొడి రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే తక్కువవుతోంది. ఒక్కటే తడిగా ఉంటే ఆ సిలిండర్ మండటం లేదు. ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ సెట్ ఉన్న పాత మోడళ్లలో దాని సందు అర మిల్లీమీటరుకు మించకూడదు. కండెన్సర్ చెడినా, డిస్ట్రిబ్యూటర్ మూత చిట్లినా బండి వానాకాలంలో దగ్గుతుంది. ఇవేవీ చూడకుండా కార్బురేటర్ మీద చెయ్యి వేయడం దండగ.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. దుమ్ముతో పూడుకుపోయిన ఫిల్టర్ చోక్ సగం లాగి ఉంచినట్టే పని చేస్తుంది. నల్ల పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది.

చోక్ చెప్పే గుట్టు

బండి నిలబడి ఉన్నప్పుడు ఆగిపోతోందా? ఇంజిను వేడెక్కాక చోక్ కాస్త లాగి చూడండి. శబ్దం నిలకడగా మారితే పెట్రోలు కంటే గాలి ఎక్కువగా పోతోందని అర్థం. అప్పుడు కారణాలు రెండే. ఒకటి, కార్బురేటర్ కింది గ్యాస్కెట్ దగ్గరో, చిట్లిన వ్యాక్యూమ్ గొట్టంలోనో దొంగగాలి లోపలికి పోతోంది. రెండు, ఐడిలింగ్‌కు పెట్రోలిచ్చే పైలట్ జెట్ మూసుకుపోయింది. సోలినాయిడ్ ఉన్న మోడళ్లలో దానికి కరెంటు అందకపోయినా ఇదే లక్షణం. తాళం తిప్పినప్పుడు అది ‘టక్’ మనాలి.

చోక్ లాగితే ఇంకా ఉక్కిరిబిక్కిరైతే కథ వేరే. పెట్రోలు ఎక్కువవుతోంది. ఫ్లోట్ గిన్నెలోని నీడిల్ సరిగా మూసుకోవడం లేదేమో, చోక్ తీగ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి పోవడం లేదేమో చూడాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు గుంజితే..

కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే హోసూరు 900 మీటర్లకు దగ్గర. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు వంతు కొద్దిగా పెరుగుతుంది. ఆ తేడా చిన్నదే. మేలుమలై ఎక్కుతుంటే బండి గుంజి గుంజి ఆగుతోందంటే తప్పు ఎత్తుది కాదు, పెట్రోలు అందకపోవడం. ట్యాంకు మూత ఒకసారి తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూత రంధ్రం పూడుకుపోయినట్టే. అది కాకుంటే ఫిల్టర్, ఆ తర్వాత పెట్రోలు పంపు డయాఫ్రమ్.

ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. వేడికి పైపులోని పెట్రోలు ఆవిరై దారి మూసేస్తుంది. ఓమ్నిలో ఇంజిను సీటు కింద ఉంటుంది కాబట్టి గాలి ఆడటం తక్కువ. నీడలో ఆపి చల్లారనివ్వడమే మందు. ఇంజిను తిప్పుతూ కార్బురేటర్ నోట్లో చేత్తో పెట్రోలు పోసే అలవాటు మాత్రం వద్దే వద్దు. మంట ఎగదన్నితే ముఖమే కాలుతుంది.

పొగ చీటీ.. రక్త పరీక్షే!

ఆరు నెలలకోసారి తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్‌ను చాలామంది మడిచి డాష్‌బోర్డులో పడేస్తారు. బండి జబ్బు అందులోనే రాసి ఉంటుంది. భారత్ స్టేజ్-2కు ముందు తయారైన పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, హైడ్రోకార్బన్లకు 1500 పీపీఎం. మొదటి అంకె ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. మొదటిది తక్కువుండి రెండోది ఎక్కువుంటే ఏదో సిలిండర్ సరిగా మండటం లేదు. ప్లగ్గో, దొంగగాలో చూసుకోవాలి. ఈ చీటీ మెకానిక్‌కు చూపిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

మిశ్రమం స్క్రూ వంతు అన్నిటికంటే ఆఖర్న. తిప్పేముందు ఎన్ని చుట్లు విప్పి ఉందో లెక్కబెట్టి రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే సూది కొన వంగుతుంది. అప్పుడు నిజంగానే కార్బురేటర్ చెడుతుంది.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2025కల్లా దేశమంతా ఈ20 వచ్చేసింది. ఎంపీఎఫ్ఐ బండిలో ఆక్సిజన్ సెన్సరు ఉంటే మిశ్రమాన్ని అది సరిచేసుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటంతో మిశ్రమం పలచబడి, యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

అసలు దెబ్బ రబ్బరుకు. పాత గొట్టాలు, డయాఫ్రమ్, సీళ్లు ఉబ్బుతాయి, చిట్లుతాయి. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి కరిగి ఫిల్టర్‌లో చేరుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీళ్లు అడుగున చేరే ప్రమాదమూ ఉంది. అందుకని గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చుకోవడం, మార్చిన కొత్తలో ఫిల్టర్‌ను త్వరత్వరగా చూడటం, వారానికోసారైనా బండిని తిప్పడం మంచిది. గొట్టం వేలితో నొక్కినప్పుడు మెత్తగా జిగటగా ఉన్నా, పగుళ్లు కనిపించినా అదేరోజు మార్చాలి. వేడి ఇంజిను మీద పెట్రోలు చుక్క పడితే కారే మిగలదు.

జెట్లు చేత్తో విప్పి, ఊది, చెవితో విని ట్యూనింగ్ చేసే తరం షెడ్లలో తగ్గిపోతోంది. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు స్కానర్ తెలుసు, చోక్ తెలియదు. కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటే. ‘బాగాలేదన్నా’ అని తాళం ఇచ్చి వచ్చేయకుండా.. ఎప్పుడు ఆగుతోంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, చోక్ లాగితే ఏమవుతోంది.. ఈ మూడూ చెప్పి ఇవ్వండి. రోగం చెప్పుకుంటేనే కదా మందు దొరికేది!